సొరుగులో దాచిన ఐపాడ్ ఎందుకు పాడైపోతుంది?

ఒక్క నిమిషం నేనేమీ మాట్లాడను. ఈ చప్పుడు వినండి.

(ఐపాడ్‌ని మైక్ దగ్గర పెట్టి దాని చక్రం మీద బొటనవేలు తిప్పాలి)

టిక్ టిక్ టిక్ టిక్. గుర్తుపట్టినవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఈ చప్పుడు ఇయర్‌ఫోన్స్‌లోంచి రావట్లేదు. లోపల ఒక బుల్లి స్పీకర్ ఉంది. పాటలు వినిపించడం దానివల్ల కాదు. వేలు తిరిగినప్పుడల్లా టిక్కుమనడం ఒక్కటే దాని ఉద్యోగం. ఆ ఒక్క చప్పుడు కోసం ఇంత సన్నటి డబ్బాలో చోటు చూసి ఇరికించారంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు పాట మొదలుపెట్టి మైక్‌కి ఆనిస్తాను. విన్నారా? గుర్ర్‌మని సన్నగా తిరిగింది, కాసేపటికి ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇది ఐదో తరం ఐపాడ్, ఆపిల్ కంపెనీ చేసిన జేబు మ్యూజిక్ ప్లేయర్. 2005 అక్టోబర్‌లో వచ్చిన మోడల్, వీడియోలు కూడా ఆడే మొదటి ఐపాడ్. నాది 30 జీబీ, నలుపు. 2006లో మా బాబాయి డల్లాస్ నుంచి వస్తూ తెచ్చారు. ఆ రోజుల్లో అమెరికా నుంచి ఎవరైనా వస్తున్నారంటే వాళ్ల సూట్‌కేస్ మీద ఊళ్లో సగం మందికి ఆశలుండేవి. "ఏం తెమ్మంటావురా?" అని బాబాయి ఫోన్‌లో అడిగితే, ఏమీ వద్దు బాబాయ్ అని రెండుసార్లు అని, మూడోసారి అడిగినప్పుడు ఐపాడ్ అన్నాను. నాలుగోసారి అడగరేమో అని భయం.

బీటెక్ నాలుగేళ్లూ కాలేజీ బస్సులో ఇది నా జేబులోనే ఉంది. ఉద్యోగంలో చేరాక కూడా వాడాను. ఎన్నిసార్లు కింద పడిందో లెక్కలేదు. వెనక స్టీలు చూడండి, మా అమ్మమ్మ వాళ్లింట్లో పాత గ్లాసులా గీతలు పడిపోయింది. 2013లో స్మార్ట్‌ఫోన్ కొన్నాక దీన్ని శుభ్రంగా తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. 2022 మే 10న ఆపిల్ కంపెనీ ఇక ఐపాడ్‌లు తయారు చేయం అని ప్రకటించింది. 2001 అక్టోబర్ 23న మొదటి ఐపాడ్ చూపించారు, అంటే ఇరవై ఏళ్ల పైచిలుకు. ఆ వార్త చదివి సొరుగు తీశాను. వెలగలేదు.

ఏడేళ్లు రోజూ కుదిపి, పడేసి, చెమట చేత్తో తిప్పితే దీనికేమీ కాలేదు. తొమ్మిదేళ్లు ముట్టుకోకుండా భద్రంగా దాచాను, అప్పుడు పాడైంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. మీ ఇంట్లో కూడా ఏదో ఒక ప్లేయర్ ఏదో ఒక సొరుగులో ఉండే ఉంటుంది. ఐపాడ్ కావచ్చు, శాన్‌డిస్క్ క్లిప్ కావచ్చు, సోనీది కావచ్చు, కోఠీలో బేరమాడి కొన్న పేరులేని చైనా సరుకు కావచ్చు. ముందు దాన్ని బయటికి తీయండి.

ముందు బ్యాటరీ. వీటిల్లో ఉండేది లిథియం బ్యాటరీ. నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు. మనం స్విచ్ ఆఫ్ చేశాం కదా, ఇక ఖర్చేముంది అనుకుంటాం. కానీ ఐపాడ్‌లో నిజంగా ఆఫ్ అనేదే లేదు, అది నిద్రపోతుందంతే. లోపల గడియారం నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ కూడా తనంతట తాను కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కారే కుళాయి కింద బిందె నిండినట్టే, ఇక్కడ బిందె ఖాళీ అవుతుంది. ఒక హద్దు దాటి వోల్టేజ్ పడిపోయిందంటే లోపల రసాయనాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా మునుపటిలా ఎక్కదు.

అలాగని రాత్రీ పగలూ ఛార్జర్‌కి తగిలించి ఉంచడం కూడా తప్పే. నిండుగా ఉన్న బ్యాటరీ వేడిలో తొందరగా ముసలిదైపోతుంది. కొన్నాళ్లు వాడను అనుకుంటే సగం ఛార్జింగ్‌లో పెట్టి దాచండి. రెండు మూడు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి ఎక్కించండి. నేను కరెంటు బిల్లు కట్టే రోజున చేస్తాను, లేకపోతే గుర్తుండదు.

ఒక సరదా సంగతి. 1998లో వచ్చిన డైమండ్ రియో అనే ప్లేయర్‌కి మన గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఒకటి చాలు. మెమరీ 32 ఎంబీ, అంటే ఆరేడు పాటలు పడితే ఎక్కువ. కానీ సెల్లు తీసేసి దాచినవాళ్ల దగ్గర అది ఇవాళ కూడా వెలిగే అవకాశం ఉంది. సెల్లు తీయకుండా దాచినవాళ్ల సంగతి వేరు. టీవీ రిమోట్ వెనక మూత తీసి తెల్లటి బూజులాంటిది చూసినవాళ్లకి వివరించక్కర్లేదు.

సరే, మీది వెలగట్లేదు. ఏం చేయాలి? మొట్టమొదట పైన ఉన్న హోల్డ్ స్విచ్ చూడండి. నవ్వకండి. నారింజ రంగు కనిపిస్తుంటే అది లాక్‌లో ఉంది. పాడైపోయింది అని నాకు పంపిన ఒక ఐపాడ్‌కి నేను చేసిన రిపేరు మొత్తం ఆ స్విచ్‌ని ఇటు జరపడమే. తర్వాత మంచి కేబుల్‌తో, కంప్యూటర్‌కి కాకుండా గోడ ఛార్జర్‌కి పెట్టండి. తెర అరగంట దాకా నల్లగానే ఉండొచ్చు. ఆ అరగంట ఓపిక పట్టడమే కష్టం. నేను రెండు నిమిషాలకోసారి పీకి పెట్టి, పీకి పెట్టి చూస్తుంటే మా అమ్మ "అన్నం ఉడికిందో లేదో అన్నిసార్లు మూత తీస్తే ఎప్పటికి ఉడుకుతుందిరా" అంది. వదిలేశాను. నలభై నిమిషాలకి బ్యాటరీ బొమ్మ వచ్చింది.

బొమ్మ వచ్చి అక్కడే బిగుసుకుపోతే రీసెట్ చేయాలి. హోల్డ్ ఒకసారి వేసి తీయండి. తర్వాత మెనూ, మధ్య బటన్ రెండూ కలిపి ఆరు నుంచి ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆపిల్ బొమ్మ వస్తుంది. దీనివల్ల పాటలు పోవు, భయం లేదు. ఆ ఆపిల్ బొమ్మ కనిపించగానే వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి నొక్కితే డిస్క్ మోడ్ అని ఇంకో గది తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఐపాడ్‌ని గుర్తించట్లేదు అనేవాళ్లకి చాలాసార్లు దారి ఇదే.

ఇంకో గది కూడా ఉంది. అది నాకు బాగా ఇష్టం. ఆపిల్ బొమ్మ దగ్గర మధ్య బటన్, వెనక్కి వెళ్లే బటన్ కలిపి నొక్కండి. రంగులూ హంగులూ లేని ఒక డయాగ్నస్టిక్ మెనూ వస్తుంది, ఫ్యాక్టరీలో పరీక్షలు చేసే మెనూ. అందులో ఐవో అని ఉన్నచోట హార్డ్ డ్రైవ్‌లోకి వెళ్తే స్మార్ట్ డేటా అని ఒకటుంది. డాక్టర్ దగ్గర రక్తపరీక్ష రిపోర్ట్‌లాంటిది. డిస్క్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో చెప్తుంది. రీయాలక్స్ అని ఒక వరస, అంటే పాడైపోతే బదులు చోటు వాడిన ముక్కలెన్నో. పెండింగ్ సెక్టార్స్ అని ఇంకో వరస, అంటే పాడయ్యాయేమోనని అనుమానమున్న ముక్కలెన్నో. అక్కడ సున్నాలుంటే కాలరెగరేయండి. వందల్లో అంకె కనిపిస్తే ఆ డిస్క్ రోజులు లెక్కపెట్టుకుంటోందని అర్థం, పాటలు ఉంటే ముందు అవి బయటికి తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బులిచ్చేముందు అమ్మేవాడి ఎదురుగానే ఈ పేజీ తెరవండి. "లైట్‌గా వాడింది సార్" అనే మాట ఎంతవరకు నిజమో అక్కడ గంటల్లో రాసి ఉంటుంది.

ఇప్పుడు ఆ గుర్ర్ సంగతి. ఇందులో ఉన్నది 1.8 అంగుళాల హార్డ్ డిస్క్. పాట సాగినంతసేపూ అది తిరుగుతూనే ఉంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. అందుకని 30 జీబీ మోడల్‌లో 32 ఎంబీ మెమరీ పెట్టారు. డిస్క్ ఒకసారి లేచి, రాబోయే పాటలు కూడా తోడి ఆ మెమరీలో పోసేసి, మళ్లీ పడుకుంటుంది. మనం వినేది ఆ తోడిపెట్టిన పాటలు. కేబీపీఎస్ అంటే పాటలో ఒక్కో సెకనుకి ఎంత డేటా ఉందో చెప్పే లెక్క, అంకె పెరిగితే ఫైల్ లావవుతుంది. 128 కేబీపీఎస్‌లో ఉన్న ఐదు నిమిషాల పాట ఐదు ఎంబీ లోపే ఉంటుంది, కాబట్టి ఒక్క తోడుకి ఐదారు పాటలు వచ్చేస్తాయి. అదే 320లో అయితే రెండు. సీడీ నాణ్యత పోకుండా దాచిన ఫైల్ అయితే ఒక్కటి పడితే గొప్ప. అంటే ఫైళ్లు లావైనకొద్దీ డిస్క్ మాటిమాటికీ లేవాలి, బ్యాటరీ అరగాలి. పాట మధ్యలో విసుగొచ్చి తర్వాతది, తర్వాతది అని నొక్కుతూ పోయినా అంతే. కొత్తలో 14 గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది, ప్రతి పాటనీ ముప్పై సెకన్లు విని మార్చేవాళ్లకి కాదు. నా బీటెక్ రూమ్‌మేట్ అలాంటివాడే, సాయంత్రానికి ఛార్జర్ అడిగేవాడు.

డిస్క్ తిరిగే ఆ కొద్ది సెకన్లలో గట్టిగా కుదిపితేనే ప్రమాదం. మిగతా సమయంలో అది పడుకునే ఉంటుంది, అందుకే కాలేజీ బస్సుల్ని తట్టుకుంది. జాగింగ్‌కి మాత్రం వద్దు. ఇంకో మాట, బైకుల మీద లడఖ్ వెళ్లేవాళ్లు వినండి. ఇలాంటి డిస్క్‌లో చదివే తల పళ్లెం మీద సన్నటి గాలి పొర ఆసరాతో తేలుతుంది. అందుకే 10,000 అడుగుల పైన వాడొద్దని కంపెనీయే రాసింది. లేహ్ అంతకన్నా ఎత్తులో ఉంది. అక్కడ పాటలు ఫోన్‌లో వినండి.

ఇదిగో ఇది రెండోది. మా ఫ్రెండ్‌ది, హన్మకొండ నుంచి కొరియర్‌లో వచ్చింది. దీని డిస్క్ ఆన్ చేయగానే టక్... టక్... అని ఆగి ఆగి కొట్టుకునేది. ఆ చప్పుడు వచ్చిందంటే ఇక రీసెట్‌లు చేసి లాభం లేదు. దీని డిస్క్ తీసేసి, అదే సాకెట్‌లో పట్టే ఒక చిన్న అడాప్టర్ పెట్టి, అందులో మైక్రో ఎస్‌డీ కార్డు దూర్చాను. తిరిగే భాగం ఏదీ లేదు కాబట్టి చప్పుడూ లేదు, దెబ్బ తగిలే భయమూ తక్కువ. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. మరి నాదాంట్లో ఎందుకు మార్చలేదు అంటారా? నా డిస్క్ రిపోర్ట్‌లో ఇంకా సున్నాలే ఉన్నాయి. పైగా ఆ గుర్ర్ నాకిష్టం.

కార్డు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. తక్కువ ధరకి 512 జీబీ, 1 టీబీ అని అమ్మేవాటిలో నకిలీలు చాలా ఉంటాయి. లోపల ఉండేది 16 జీబీయో 32 జీబీయో. పాటలు ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి, తర్వాత వినబోతే ఉండవు. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డంతా నింపి పరీక్షించండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

బ్యాటరీ మార్చిన కథ చెప్పాలి. ముందు హైదరాబాద్‌లో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్లాను. అతను దీన్ని చూసి పక్క కుర్రాడికి చూపించి నవ్వాడు. తర్వాత ఇనుప స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తిప్పాడు. ఇదిగో, ఈ మూల నొక్కు అప్పటిదే. "ఇది తెరుచుకోదు సార్, పారేయండి" అన్నాడు. పారేయలేదు కానీ, కోపంతో ఇంటికొచ్చి వారం రోజులు ముట్టుకోలేదు.

దీనికి బయట ఒక్క స్క్రూ కూడా ఉండదు. ముందు పలక, వెనక స్టీలు డొప్ప లోపలి కొక్కేలతో పట్టుకుని ఉంటాయి. సన్నటి ప్లాస్టిక్ ముక్క కావాలి. గిటార్ మీటే ముక్క నాకు బాగా పనికొచ్చింది. ఛార్జింగ్ బాగా దింపేసి, హోల్డ్ వేసి, ఒక పక్కన సందులో ఆ ముక్క దూర్చి మెల్లగా జరుపుతూ పోవాలి. టప్, టప్ అని ఒక్కో కొక్కెం ఊడుతుంది. అన్నీ ఊడాక అందరూ చేసే తప్పు ఒకటుంది. గెలిచామన్న ఆనందంలో రెండు ముక్కల్నీ విడదీసి లాగుతారు. లాగొద్దు! బ్యాటరీ వెనక డొప్పకి అంటుకుని ఉంటుంది, దాని తీగ ముందు భాగంలోని బోర్డుకి వెళ్తుంది. ఇయర్‌ఫోన్ సాకెట్ తీగ కూడా అంతే. కాగితమంత పల్చటి రిబ్బన్లు. పాత పుస్తకం తెరిచినట్టు పక్కకి తెరవాలి.

(కెమెరా దగ్గరికి)

ఇక్కడ చూడండి. రిబ్బన్ బోర్డులోకి దూరే చోట గోధుమరంగు గీతలాంటిది కనిపిస్తోందా? అది గీత కాదు, రెక్క. గోటితో దాన్ని పైకి లేపితే రిబ్బన్ తనంతట తానే వదులవుతుంది. లేపకుండా లాగితే సాకెట్ బోర్డు మీంచి ఊడొస్తుంది, అప్పుడు ఆ షాపతను చెప్పినట్టు నిజంగానే పారేయాలి. బియ్యంగింజలో సగం ఉండదు ఆ రెక్క. నా గోరు కింద అది కదిలినప్పుడు నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని తర్వాత తెలిసింది.

పాత బ్యాటరీని కూడా ప్లాస్టిక్‌తోనే నిదానంగా లేపండి. కత్తి, స్క్రూడ్రైవర్ దగ్గరికి కూడా తేవొద్దు. గుచ్చుకుంటే మంటలొస్తాయి. మీ ప్లేయర్ వెనక డొప్ప ఉబ్బినట్టున్నా, తెర లేచినట్టున్నా అసలు ఛార్జింగే పెట్టొద్దు, ఈ వీడియో చూసి మీరే తెరవొద్దు, పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. చెత్త లారీలో అది నలిగితే ఏమవుతుందో ఆ లారీ తోలే మనిషికే తెలుస్తుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. మొదట తెప్పించిన బ్యాటరీ లావుది. ఇదే తరంలో 60 జీబీ మోడల్ కాస్త మందం ఎక్కువ, దాని బ్యాటరీ అది. తెలీక కొన్నాను, డొప్ప మూసుకోలేదు. మధ్యాహ్నమంతా దాన్ని నొక్కి మూయాలని చూశాను, అది ఇంకా పెద్ద తప్పు. డిస్క్ అలాగే ఉంచుకునేవాళ్లు సన్న బ్యాటరీయే కొనాలి. డిస్క్ తీసి కార్డు పెట్టుకుంటే లోపల చోటు మిగులుతుంది, అప్పుడు లావుది పడుతుంది. మా ఫ్రెండ్ ఐపాడ్‌లో ఉన్నది ఆ మిగిలిపోయిన బ్యాటరీయే.

ఇక పాటలు. అసలు యంత్రం కన్నా ఇక్కడే నా టైమ్ ఎక్కువ పోయింది.

ఐపాడ్‌ని పెన్‌డ్రైవ్ అనుకుని పాటల్ని కాపీ చేసి పడేస్తే అవి లోపలికి వెళ్తాయి కానీ మెనూలో కనిపించవు. కంప్యూటర్‌లో ఐట్యూన్స్ అనే ఆపిల్ ప్రోగ్రామ్ ద్వారా ఎక్కించాలి. కొత్త మ్యాక్‌లలో అయితే ఫైండర్. అది ప్రతి పాటనీ దాచిపెట్టిన ఫోల్డర్లలో, నాలుగు అక్షరాల అర్థంలేని పేరుతో పెట్టి, ఏది ఎక్కడుందో ఒక లెక్కల పుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకం రాస్తుండగా కేబుల్ పీకారనుకోండి, పాటలన్నీ లోపలే ఉంటాయి, తెర మీద మాత్రం ఒక్కటీ ఉండదు. అందుకే డిస్‌కనెక్ట్ చేయొద్దు అని తెర మీద రాసినంతసేపూ ముట్టుకోకండి, ముందు ఎజెక్ట్ కొట్టండి. ఈ ఐట్యూన్స్ గొడవే వద్దనుకునేవాళ్లకి రాక్‌బాక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వేసుకుంటే ఫోల్డర్లు ఫోల్డర్లుగా పడేసి వినొచ్చు, ఫ్లాక్ ఫైళ్లు, అంటే సీడీ నాణ్యత పోకుండా దాచినవి కూడా ఆడతాయి. నేను వేసి చూసి, మళ్లీ పాతదానికే వచ్చాను. అలవాటు, అంతే.

అసలు తలనొప్పి పేర్లు. 2010 ముందు మన పాటలు ఎలా వచ్చేవో మీకు తెలుసు. నెట్ సెంటర్‌లోంచో, మెమరీ కార్డులో పాటలెక్కించే సెల్‌ఫోన్ షాపుల్లోంచో, రోడ్డు పక్కన నూట యాభై పాటల ఎంపీత్రీ సీడీల్లోంచో. ప్రతి పాట పేరు వెనక ఏదో ఒక వెబ్‌సైట్ పేరు తోక. ఆల్బమ్ బొమ్మ ఉండాల్సిన చోట ఆ సైట్ ప్రకటన. సంగీత దర్శకుడు అని ఉన్నచోట కూడా ఆ సైటే! నా ఐపాడ్ లెక్క ప్రకారం తెలుగు సినిమాల్లో సగం పాటలకి సంగీతం సమకూర్చింది ఒక వెబ్‌సైట్.

ఇక బాలుగారు. ఆయన ఒక్కరే నా ఐపాడ్‌లో పదకొండు మంది. ఎస్పీబీ ఒకరు, మధ్యలో చుక్కలు పెట్టిన ఎస్.పి.బి. ఒకరు, ఎస్పీ బాలు ఒకరు, ఇంటిపేరు విడదీసి ఒకరు, కలిపి ఒకరు, స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఉన్నవారు, లేనివారు. చక్రం తిప్పుతూ పోతుంటే ఆయన పాటలు పదకొండు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వాటన్నింటినీ ఒకేసారి ఎంచుకుని ఒకే పేరు పెట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. గాయకుడి పేరు ఒక్కటే సరిచేసి వదిలేయకండి, ఆల్బమ్ ఆర్టిస్ట్ అని ఇంకో గడి ఉంటుంది, అక్కడ కూడా ఆ తోకలుంటాయి. చాలా పాత ప్లేయర్లకి తెలుగు లిపి సరిగ్గా రాదు, డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి, నాకూ బాధగానే ఉంది.

128లో ఉన్న పాటని 320కి మార్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతుంటారు. నీళ్లు కలిసిన పాలని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? ఫైల్ లావవుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు. ఇంట్లో ఒరిజినల్ ఆడియో సీడీలు ఉంటే వాటినుంచి మళ్లీ ఎక్కించుకోండి, తేడా ఇట్టే తెలుస్తుంది. ఘంటసాల కాలం నాటి పాటలకైతే 320 దాకా కూడా అవసరం లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఉంటారు, వాళ్ల చెవులు వాళ్లవి.

షఫుల్ గురించి, అంటే పాటల్ని వరస లేకుండా కలిపి ఆడించడం గురించి ఒక్కటి. రాత్రి పదకొండింటికి మాంచి మాస్ పాట అయిపోగానే సుప్రభాతం మొదలైన అనుభవం అందరికీ ఉంటుంది. దానికి మందు ఉంది. ఐట్యూన్స్‌లో ఆ ఫైల్ వివరాల్లోకి వెళ్తే ఆప్షన్స్‌లో, షఫుల్ చేసేటప్పుడు వదిలెయ్ అని ఒక టిక్కు ఉంటుంది. దాని పక్కనే, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకో అని ఇంకోటి. స్తోత్రాలకి మొదటిది, గంటన్నర ప్రవచనాలకీ హరికథలకీ రెండూ పెట్టండి. మా నాన్నగారి కోసం ఆ రెండో టిక్కు పెట్టాక, "ఇది నేను నిద్రపోయిన చోటు కూడా గుర్తుపెట్టుకుంటుందిరా" అన్నారు. నిద్రపోయిన చోటు కాదు నాన్నా, ఆపిన చోటు అని చెప్పలేదు.

పాత పాట సన్నగా, కొత్త పాట గట్టిగా ఉంటుంది కదా. పాతదానికి వాల్యూమ్ పెంచుతాం, తర్వాత కొత్తది వచ్చి చెవులు పగలగొడుతుంది. సెట్టింగ్స్‌లో సౌండ్ చెక్ ఆన్ చేయండి, ఐట్యూన్స్‌లో కూడా చేయాలి, రెండూ ఒక మట్టానికి వస్తాయి. చెవుల మాట వచ్చింది కాబట్టి, 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటల దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అదే 90 అయితే వారానికి 4 గంటలే. ఆర్టీసీ బస్సులో ఇంజన్ మీద సీటు దొరికిందంటే మనకి తెలియకుండానే వాల్యూమ్ పైకి పోతుంది. చెవికి సరిగ్గా బిగిసే రబ్బరు బుడిపెలున్న ఇయర్‌ఫోన్స్ వాడితే అంత పెంచే పనుండదు. పిల్లల చేతికిచ్చేటప్పుడు వాల్యూమ్ లిమిట్ పెట్టి, నాలుగంకెల తాళం వేయొచ్చు. మీ పెళ్లిరోజు నంబర్ పెట్టకండి, కనిపెట్టేస్తారు.

మిగతావి గబగబా. ఇయర్‌ఫోన్ పెట్టే కన్నంలో జేబు నూలు పేరుకుంటుంది, ఒక పక్కే పాట వస్తోందంటే ముందు అది తీయండి, పొడి అగ్గిపుల్ల వెనక వైపు చాలు. చక్రం వేలి స్పర్శని పసిగట్టి పనిచేస్తుంది, బలంగా రుద్దక్కర్లేదు, తడి చేత్తో తిప్పితే తిక్కతిక్కగా పోతుంది. వైజాగ్, కాకినాడ వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు నల్లబడతాయి, చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి పక్కన పడేయండి. కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం వదలకండి. వాడకుండా ఉంచినా 45 డిగ్రీలు దాటకూడదని దీని పుస్తకంలో ఉంది. రెంటచింతల, రామగుండం వాళ్లకి 45 అంటే ఏమిటో, మూసిన కారులో అది ఎంతవుతుందో నేను చెప్పాలా? తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లో పాటలు దాచే ఫ్లాష్ మెమరీ ప్లేయర్లున్నవాళ్లు, కరెంటు తగలకుండా ఏళ్లు గడిస్తే అందులో డేటా మెల్లగా కరిగిపోతుంది, పాటలు ఇంకో చోట కూడా దాచుకోండి.

మొన్న సంక్రాంతికి బాబాయి వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. ఐపాడ్ చేతికిస్తే కళ్లజోడు పెట్టుకోకుండానే బొటనవేలు చక్రం మీదికి వెళ్లిపోయింది. ఆర్టిస్ట్స్‌లోకి వెళ్లి బాలుగారి పేరు వెతికి, "ఒరేయ్, ఒక్కరే ఉన్నారేంటిరా, ఇదివరకు చాలామంది ఉండేవారుగా?" అన్నారు. ఆ ముక్క కోసమే రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

డల్లాస్‌లో ఆయన సొరుగులో కూడా ఒకటుందట. రెండో తరం ఐపాడ్ షఫుల్ అనే బుల్లి మోడల్, చొక్కాకి క్లిప్పులా పెట్టుకునేది. ఎప్పుడు ఛార్జింగ్ పెట్టారో గుర్తులేదన్నారు. వెళ్లగానే పెట్టండి బాబాయ్ అన్నాను. దానికో చిక్కుంది. దానికి వేరే ఛార్జింగ్ కన్నం ఉండదు, ఇయర్‌ఫోన్ పెట్టే కన్నంలోంచే కరెంటు ఎక్కాలి, దానికోసం డబ్బాలో ఒక బుల్లి స్టాండ్ ఇచ్చేవాళ్లు. ఆ స్టాండ్ ఎక్కడుందో ఆయనకి తెలీదు. పిన్నిని అడుగుతానన్నారు.